హాబ్స్‌బర్గ్ వంశాన్ని చదవడం ఎలా: యూరప్ రాజకుటుంబాల చరిత్రకు ఒక సమగ్ర మార్గదర్శి

యూరప్ రాజుల చరిత్ర మొదలుపెట్టినవాళ్లు చాలామంది సగంలోనే పుస్తకం మూసేస్తారు. అందుకు కారణం యుద్ధాలు కాదు, పేర్లు. ఒక ఫిలిప్ పోతే ఇంకో ఫిలిప్ వస్తాడు. ఒకే మనిషి ఒక దేశంలో మొదటి చార్లెస్, ఇంకో దేశంలో ఐదో చార్లెస్ అవుతాడు. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియక టెన్షన్ మొదలవుతుంది.

దీనికి పనికొచ్చే పద్ధతి ఒకటి ఉంది. యుద్ధాలను కాసేపు పక్కన పెట్టి ఆస్తి వెంట నడవాలి. ఏ భూమి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లింది, ఏ పెళ్లి వల్ల, ఎవరి చావు వల్ల వెళ్లింది అని రాసుకుంటూ పోవాలి. పొలం తగాదాలో ఊరి పెద్దలు ముందు కుటుంబం లెక్క అడిగినట్టే ఇక్కడా మొదట అడగాల్సింది అదే. అలా చదివితే యుద్ధాలకు కారణాలు కూడా వాటంతట అవే బయటపడతాయి. ఈ పద్ధతి నేర్చుకోవడానికి నేను హాబ్స్‌బర్గ్ వంశాన్ని ఎంచుకున్నాను. యూరప్‌లో పెళ్లిళ్ల ద్వారా ఇంత రాజ్యం కూడబెట్టిన కుటుంబం మరొకటి లేదు.

మొదటి అడుగు: ఒక వెన్నెముక గీసుకోండి

పెద్ద తెల్ల కాగితం ఒకటి తీసుకోండి. దాని మీద ముందుగా ఐదు సంవత్సరాలు మాత్రమే రాయండి: 1273, 1477, 1556, 1740, 1918. మిగతా విషయాలన్నీ వీటి మధ్య సర్దుకుంటాయి.

1273లో రుడాల్ఫ్ అనే కౌంట్ జర్మన్ రాజుగా ఎన్నికయ్యాడు. ఇతని కుటుంబానికి పేరు తెచ్చిన హాబ్స్‌బర్గ్ కోట నేటి స్విట్జర్లాండ్‌లోని ఆర్గావ్ ప్రాంతంలో ఉంది. 1278లో రుడాల్ఫ్ బొహీమియా రాజు ఒట్టోకార్‌ను యుద్ధంలో ఓడించాడు. ఆ యుద్ధంలోనే ఒట్టోకార్ చనిపోయాడు. 1282లో ఆస్ట్రియా, స్టైరియా రుడాల్ఫ్ కొడుకులకు దక్కాయి. వంశం కేంద్రం స్విట్జర్లాండ్ నుంచి వియన్నా వైపు కదలడం మొదలైంది అప్పుడే. 1477లో బర్గండీ పెళ్లి, 1556లో స్పెయిన్, ఆస్ట్రియా శాఖలు విడిపోవడం, 1740లో మగసంతానం లేకుండా వంశం ఆగిపోవడం, 1918లో రాజ్యం పోవడం. ప్రస్తుతానికి ఇంతవరకు చాలు.

1273కి వెనక్కి ఎక్కువగా వెళ్లకండి. పదకొండో శతాబ్దానికి ముందు కాలం గురించి ఇంటర్నెట్‌లో కనిపించే వంశవృక్షాల్లో కల్పనలు చాలా ఉన్నాయి. ఆ పని రాజులే మొదలుపెట్టారు. మాక్సిమిలియన్ చక్రవర్తి పండితులను నియమించి తన మూలాన్ని ట్రాయ్ వీరుడు హెక్టర్ దాకా రాయించుకున్నాడు.

రెండో అడుగు: కుటుంబాన్ని, దేశాన్ని కలపకండి

ఈ రోజు మ్యాపులో కనిపించే ఆస్ట్రియా, స్పెయిన్, ఇటలీలను మనసులో పెట్టుకుని చదివితే దారి తప్పుతాం. ఆ కాలంలో ఒక రాజు చేతిలో ఉండేది ఒక దేశం కాదు. వేర్వేరు చట్టాలు, వేర్వేరు సభలు, వేర్వేరు భాషలు ఉన్న సంస్థానాల మూట. వాటన్నిటికీ ఉమ్మడిగా ఉండేది రాజు ఒక్కడే.

దీన్ని అర్థం చేసుకోవడానికి ఒక చిన్న పని చేయండి. 1500లో గెంట్ నగరంలో పుట్టిన ఐదో చార్లెస్ పేరును కాగితం మధ్యలో రాయండి. పైన అతని ఇద్దరు తాతయ్యలు, అమ్మమ్మ, నాయనమ్మల పేర్లు రాయండి. తండ్రి తండ్రి మాక్సిమిలియన్: ఆస్ట్రియా భూములు. తండ్రి తల్లి బర్గండీ మేరీ: నెదర్లాండ్స్‌తో పాటు బర్గండీ వారసత్వంలో మిగిలినవి. తల్లి తండ్రి ఫెర్డినాండ్: ఆరగాన్, సిసిలీ, నేపుల్స్, సార్డీనియా. తల్లి తల్లి ఇసబెల్లా: కాస్టీల్, దానితో పాటు అమెరికాలో స్పెయిన్ ఆక్రమించిన భూములు. నాలుగు దిక్కుల నుంచి నాలుగు ఆస్తులు వచ్చి ఒక్క మనవడి దగ్గర చేరాయి. ఇందులో దేన్నీ చార్లెస్ యుద్ధం చేసి గెలవలేదు. ఈ ఒక్క బొమ్మ గీశాక పదహారో శతాబ్దపు యూరప్ రాజకీయం సగం తేలికైపోతుంది. ఫ్రాన్స్ రాజు ఎందుకు అంత కంగారు పడ్డాడో కూడా తెలుస్తుంది. అతని రాజ్యానికి చుట్టూ చాలావరకు చార్లెస్ భూములే.

మూడో అడుగు: వారసత్వ నియమం ఏమిటో ముందే అడగండి

ప్రతి పదవికీ మూడు ప్రశ్నలు వేయండి. ఇది వారసత్వంగా వచ్చేదా, ఎన్నికతో వచ్చేదా? కొడుకులందరూ పంచుకుంటారా, పెద్దకొడుకుకే వస్తుందా? ఆడపిల్లకు హక్కు ఉందా?

జర్మన్ ప్రాంతాల సంస్థానాలకు పైన ఉండే పవిత్ర రోమన్ చక్రవర్తి పదవి ఎన్నికతో వచ్చేది. 1356 నాటి శాసనం ప్రకారం ఏడుగురు ప్రభువులకు ఓటు ఉండేది, వారిలో ముగ్గురు ఆర్చిబిషప్పులు. 1438 నుంచి 1740 వరకు వరసగా హాబ్స్‌బర్గులే ఎన్నికయ్యారు కాబట్టి అది వారసత్వ పదవిలా కనిపిస్తుంది. కానీ ప్రతిసారీ ఓటర్లను ఒప్పించాలి, డబ్బు పెట్టాలి. 1519 ఎన్నికలో ఐదో చార్లెస్ తరఫున ఆగ్స్‌బర్గ్‌కు చెందిన ఫుగ్గర్ అనే వ్యాపార కుటుంబం భారీగా అప్పులిచ్చింది.

ఆస్ట్రియా భూములు మాత్రం వారసత్వంగా వచ్చేవి. అయితే వాటిని కొడుకులు పంచుకునేవారు. 1379లో అన్నదమ్ములు పంచుకున్నారు. 1564లో ఐదో చార్లెస్ తమ్ముడు మొదటి ఫెర్డినాండ్ చనిపోయాక ముగ్గురు కొడుకులు మళ్లీ పంచుకున్నారు. అందుకే మీ చార్టులో ఒక్కోసారి ఒకే కాలంలో ముగ్గురు ఆర్చిడ్యూకులు (ఆస్ట్రియా పాలకుల బిరుదు ఇది) కనిపిస్తారు. అది మీ పొరపాటు కాదు.

ఆడపిల్లల విషయంలో రాజ్యానికో పద్ధతి. ఫ్రాన్స్‌లో వాళ్లకు సింహాసనం లేదు. కాస్టీల్‌లో ఉంది కాబట్టే ఇసబెల్లా సొంత హక్కుతో రాణి అయింది. ఈ తేడా తెలియకుండా తర్వాతి అడుగు అర్థం కాదు.

నాలుగో అడుగు: ఆడవాళ్ల పేర్లు పెద్దగా రాయండి

చాలా చార్టుల్లో రాజుల పేర్లు లావుగానూ రాణుల పేర్లు చిన్నగానూ ఉంటాయి. మీరు అలా చేయకండి. హాబ్స్‌బర్గ్ కథలో భూమి కదిలింది ఎక్కువగా ఆడవాళ్ల చేతుల మీదుగానే. నా ఉద్దేశంలో ఈ మార్గదర్శిలో అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే.

1477 జనవరిలో బర్గండీ డ్యూక్ చార్లెస్ నాన్సీ దగ్గర యుద్ధంలో చనిపోయాడు. అతనికి ఒక్కతే కూతురు, మేరీ. ఒకవైపు నుంచి ఫ్రాన్స్ రాజు ఆమె భూముల మీదికి వస్తున్నాడు. అదే సంవత్సరం ఆగస్టులో ఆమె మాక్సిమిలియన్‌ను పెళ్లి చేసుకుంది. ఐదేళ్లకే గుర్రం మీద నుంచి పడిన దెబ్బతో చనిపోయింది. కానీ ఆమె పిల్లల ద్వారా నెదర్లాండ్స్ హాబ్స్‌బర్గ్ ఇంటికి వచ్చింది. ఆ కాలంలో యూరప్‌లో వ్యాపారంతో బాగా బలిసిన ప్రాంతాల్లో అది ఒకటి.

తర్వాతి పెళ్లి మనం కుండమార్పిడి అనే పద్ధతిలో జరిగింది. మాక్సిమిలియన్ కొడుకు ఫిలిప్‌కు స్పెయిన్ రాజదంపతుల కూతురు హువానాను ఇచ్చారు. మాక్సిమిలియన్ కూతురు మార్గరెట్‌ను హువానా అన్న హువాన్‌కు ఇచ్చారు. ఫిలిప్ పెళ్లి 1496లో, మార్గరెట్ పెళ్లి 1497లో. ఆ ఒప్పందం నాటికి స్పెయిన్ హాబ్స్‌బర్గులకు వస్తుందని ఎవరూ అనుకోలేదు. వారసుడు హువాన్ ఉన్నాడు. అతను పోతే పెద్దకూతురు ఇసబెల్లా ఉంది. కానీ 1497లో హువాన్ పోయాడు. 1498లో కాన్పులో పెద్దకూతురు పోయింది. ఆమె కన్న మిగెల్ అనే పసివాడు 1500లో పోయాడు. మూడేళ్లలో మూడు చావులతో హువానా వారసురాలైంది. అప్పటికి ఆమె కొడుకు చార్లెస్ నెలల పిల్లాడు.

1515లో వియన్నాలో ఇంకో కుండమార్పిడికి ఒప్పందం కుదిరింది. మాక్సిమిలియన్ మనవరాలు మేరీకి హంగరీ, బొహీమియా రాకుమారుడు లూయీ. లూయీ అక్క అన్నాకు మాక్సిమిలియన్ మనవళ్లలో ఒకడు. ఏ మనవడో అప్పటికి తేలకపోవడంతో ముసలి చక్రవర్తే చర్చిలో వరుడి స్థానంలో నిలబడ్డాడు. చివరికి ఆ మనవడు ఫెర్డినాండ్ అయ్యాడు. 1526 ఆగస్టు 29న మొహాచ్ దగ్గర ఒట్టోమన్ సైన్యం చేతిలో ఓడిన లూయీ పిల్లలు లేకుండా చనిపోయాడు. బావమరిది హక్కు ఫెర్డినాండ్‌కు వచ్చింది. బొహీమియా మొత్తం, హంగరీలో ఒక భాగం అతని వశమయ్యాయి.

ఈ మూడు పెళ్లిళ్లనూ ఎర్ర సిరాతో గీయండి. ప్రతి గీత పక్కనా రెండు మాటలు రాయండి: ఏ భూమి వచ్చింది, ఎవరు చనిపోతే వచ్చింది. తెలివైన సంబంధాలు చూడటం ఒక్కటే సరిపోలేదు, అవతలి ఇంట వారసులు వరసగా పోవడం కూడా కలిసొచ్చింది. హాబ్స్‌బర్గులు మగ్గిన పండులా రాజ్యాలు అందుకున్నారని రాసే పుస్తకాలు ఈ రెండో భాగాన్ని చెప్పవు.

ఐదో అడుగు: వరసలు తెలుగులో రాసుకోండి

ఇంగ్లీషు పుస్తకాల్లో అంకుల్, కజిన్ అనే మాటలతో సరిపెట్టేస్తారు. మీ చార్టులో మాత్రం మేనమామ, బాబాయి, మేనత్త కూతురు అని కచ్చితంగా రాయండి. అప్పుడు బయటపడే విషయాలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

ఐదో చార్లెస్ కొడుకు, స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ మొదటి భార్య పోర్చుగల్ మరియా మనుయేలా. ఆమె తండ్రి ఫిలిప్‌కు మేనమామ, ఆమె తల్లి ఫిలిప్‌కు మేనత్త. అంటే రెండు వైపుల నుంచీ మేనరికం. వాళ్ల కొడుకు డాన్ కార్లోస్‌కు ముత్తాతలు, ముత్తవ్వలు కలిపి ఎనిమిది మంది ఉండాల్సింది పోయి నలుగురే ఉన్నారు. 1570లో ఫిలిప్ నాలుగో పెళ్లి ఆస్ట్రియా అన్నాతో జరిగింది. ఆమె అతని సొంత చెల్లెలి కూతురు. 1649లో రెండో ఫిలిప్ మనవడు నాలుగో ఫిలిప్ మరియానాను చేసుకున్నాడు. ఆమె కూడా చెల్లెలి కూతురే. అంతకుముందు ఆమెను ఫిలిప్ కొడుకు బల్టసార్ కార్లోస్‌కు ఇవ్వాలనుకున్నారు. ఆ అబ్బాయి 1646లో చనిపోవడంతో తండ్రే పెళ్లి చేసుకున్నాడు.

మేనమామ, మేనకోడలు పెళ్లి తెలుగువాళ్లకు తెలిసిన సంగతే కాబట్టి మనం ఉలిక్కిపడం. కానీ కాథలిక్ చర్చి నియమం ప్రకారం అది నిషిద్ధం. ప్రతిసారీ పోప్ ప్రత్యేక అనుమతి కావాలి. అలాగే మేనరికానికీ అన్నదమ్ముల పిల్లల మధ్య పెళ్లికీ చర్చి తేడా చూడలేదు. రెండో ఫిలిప్ చెల్లెలు మరియా తన బాబాయి కొడుకైన రెండో మాక్సిమిలియన్‌ను 1548లో పెళ్లి చేసుకుంది. మన వరసలో వాళ్లు అన్నాచెల్లెళ్లు.

ఇంత దగ్గరి సంబంధాలు ఎందుకు? హాబ్స్‌బర్గులకు తగిన హోదా ఉన్న కాథలిక్ రాజవంశాలు తక్కువ. పైగా స్పెయిన్ శాఖలో మగసంతానం ఆగితే ఆస్తి బయటివాళ్లకు పోకుండా ఆస్ట్రియా శాఖకు రావాలనే లెక్క. దాని ఫలితం నాలుగో ఫిలిప్, మరియానాల కొడుకు రెండో కార్లోస్ ఒంటి మీద పడింది. 2009లో స్పెయిన్ పరిశోధకులు ఈ వంశపు అనేక తరాల వివరాలతో రక్తసంబంధ గుణకం, అంటే తల్లిదండ్రుల చుట్టరికం ఎంత దగ్గరిదో చెప్పే అంకె లెక్కగట్టారు. రెండో కార్లోస్‌కు అది 0.254 వచ్చింది. దూరపు పూర్వీకుల్లో వేరే చుట్టరికం లేని మేనమామ, మేనకోడళ్ల బిడ్డకు అది 0.125. సొంత అన్నాచెల్లెళ్ల బిడ్డకు 0.25. ఒక్క పెళ్లితో వచ్చిన అంకె కాదిది, తరతరాలుగా కూడుతూ వచ్చింది. జీవితమంతా జబ్బులతో బాధపడిన కార్లోస్ రెండు పెళ్లిళ్లు చేసుకున్నా పిల్లలు లేకుండా 1700 నవంబర్ 1న చనిపోయాడు. అతని వీలునామా స్పెయిన్‌ను ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ మనవడికి రాసిచ్చింది. ఏ ఆస్తి జారిపోకూడదని ఇన్ని పెళ్లిళ్లు చేశారో ఆ ఆస్తి కోసమే 1701 నుంచి 1714 దాకా యూరప్ అంతా యుద్ధం చేసింది.

ఆరో అడుగు: పేర్లు, అంకెలు, తేదీలు సరిచూసుకోండి

ఇది విసుగు పుట్టించే పని, కానీ తప్పదు. ఐదో చార్లెస్ స్పెయిన్‌లో మొదటి కార్లోస్. చార్లెస్, కార్లోస్, కార్ల్, కారొయ్ అన్నీ ఒకే పేరు. రెండో ఫ్రాన్సిస్ 1804లో ఆస్ట్రియా చక్రవర్తిగా మొదటి ఫ్రాన్సిస్ అయ్యాడు. 1806 ఆగస్టు 6న పాత పవిత్ర రోమన్ సామ్రాజ్యాన్ని తానే రద్దు చేశాడు. కాబట్టి పేరు పక్కన అంకె ఒక్కటే రాయకండి. పుట్టిన, చనిపోయిన సంవత్సరాలు కూడా రాస్తే ఎప్పటికీ తికమక రాదు.

తేదీల్లో ఇంకో చిక్కు ఉంది. స్పెయిన్, పోర్చుగల్‌లలో 1582 అక్టోబర్ 4 తర్వాతి రోజు అక్టోబర్ 15. ఇంగ్లండ్ ఆ కొత్త కాలెండర్‌కు 1752లో గానీ మారలేదు. అందుకే రెండో ఫిలిప్ పంపిన నౌకాదళంతో 1588లో గ్రావెలీన్ దగ్గర జరిగిన పోరాటానికి ఇంగ్లీషు కాగితాల్లో జులై 29 అనీ స్పెయిన్ కాగితాల్లో ఆగస్టు 8 అనీ ఉంటుంది. రెండూ సరైనవే.

ఏడో అడుగు: సాక్ష్యాన్ని ప్రశ్నించండి

కాగితం పాతదైనంత మాత్రాన నిజం కాదు. 1358, 1359 ప్రాంతంలో ఆస్ట్రియా డ్యూక్ నాలుగో రుడాల్ఫ్ కొన్ని పత్రాలు పుట్టించాడు. చక్రవర్తిని ఎన్నుకునే ఏడుగురిలో తనకు చోటు లేదన్న బాధ అతనిది. ఆ పత్రాల్లో జూలియస్ సీజర్, నీరో రాసినట్టుగా లేఖలు కూడా ఉన్నాయి. చక్రవర్తి వాటిని ఇటలీ కవి పెట్రార్క్‌కు చూపిస్తే అతను నకిలీవని తేల్చేశాడు. అయినా 1453లో అదే వంశానికి చెందిన మూడో ఫ్రెడరిక్ చక్రవర్తి హోదాలో వాటిని ఆమోదించాడు. ఆర్చిడ్యూక్ అనే బిరుదు అలా చట్టబద్ధమైంది. నకిలీ పత్రం దొరికితే పారేయకండి. ఆ కుటుంబానికి అప్పుడు ఏది లేదో, ఏది కావాలో దానికంటే బాగా ఏదీ చెప్పదు.

చిత్రపటాలు కూడా పత్రాలే. వియన్నాలోని కళా మ్యూజియంలో స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెస్ గీసిన, నాలుగో ఫిలిప్, మరియానాల కూతురు మార్గరీటా రాకుమారి చిత్రాలు కొన్ని ఉన్నాయి. చిన్నపిల్లగా గులాబీ రంగు గౌనులో, ఇంకాస్త ఎదిగాక నీలం గౌనులో. మాడ్రిడ్ పిల్ల బొమ్మలు వియన్నాలో ఎందుకున్నాయి? పెళ్లిచూపులు. ఆమెను మొదటి లియోపోల్డ్ చక్రవర్తికి ఇవ్వాలని అనుకున్నారు, పిల్ల ఎలా ఎదుగుతోందో చూపడానికి పంపారు. ఆమె లియోపోల్డ్‌కు అక్క కూతురు, అదే సమయంలో మేనమామ కూతురు కూడా. 1666లో పెళ్లైంది. వరస కాన్పులతో నీరసించి 1673లో 21 ఏళ్లకే చనిపోయింది. ఆ వివరం తెలిశాక ఆ బొమ్మల ముందు నుంచి త్వరగా కదలలేం.

సమాధులు చూడండి. వియన్నాలోని కాపుచిన్ చర్చి కింద చక్రవర్తుల శవపేటికలు ఉన్నాయి. చాలామంది గుండెలు అగస్టీనియన్ చర్చిలోనూ పేగులు సెయింట్ స్టీఫెన్ కెతీడ్రల్‌లోనూ విడిగా ఉంచారు. ఎవరిని ఎక్కడ పాతిపెట్టారన్నది హోదాను చెబుతుంది. 1900లో ఆస్ట్రియా సింహాసనానికి వారసుడైన ఫ్రాంజ్ ఫెర్డినాండ్ తనకంటే తక్కువ హోదా ఉన్న సోఫీ ఖోటెక్‌ను చేసుకోవడానికి, పుట్టబోయే పిల్లలకు సింహాసనం ఉండదని జూన్ 28న ప్రమాణం చేశాడు. సరిగ్గా పద్నాలుగేళ్లకు, 1914 జూన్ 28న, సరయేవోలో ఇద్దరూ హత్యకు గురయ్యారు. ఆమెకు చక్రవర్తుల సమాధిలో చోటు దొరకదని తెలిసి అతను ముందే ఆర్ట్‌స్టెటెన్ కోటలో ఏర్పాటు చేసుకున్నాడు. ఇద్దరూ అక్కడే ఉన్నారు.

అసలు పత్రాలు చూడాలనుకుంటే వియన్నాలో 1749లో ఆస్ట్రియా పాలకురాలు మరియా థెరిసా ఏర్పాటు చేసిన రాజకుటుంబ ఆర్కైవ్స్, స్పెయిన్‌లో సిమాంకాస్ కోటలోని ఆర్కైవ్స్ ప్రధానమైనవి. స్పెయిన్ ప్రభుత్వ ఆర్కైవ్స్ పత్రాలు కొన్ని ఆన్‌లైన్‌లో ఉచితంగా కనిపిస్తాయి. పద్దెనిమిదో శతాబ్దం నుంచి వంశ వివరాలకు 1763లో మొదలైన గోథా వార్షిక గ్రంథం పనికొస్తుంది.

ఎనిమిదో అడుగు: ఒక సంక్షోభాన్ని సొంతంగా విప్పండి

ఇంతవరకు నేర్చుకున్నది 1740 మీద పరీక్షించండి. హాబ్స్‌బర్గ్ చక్రవర్తి ఆరో చార్లెస్ 1713లో ఒక శాసనం చేశాడు. తన భూములు విడిపోకూడదు, కొడుకులు లేకపోతే కూతుళ్లకు రావాలి. అప్పటికి అతనికి పిల్లలే లేరు, కూతురు మరియా థెరిసా పుట్టింది 1717లో. మరి తొందర ఎందుకు? అతని అన్న జోసెఫ్‌కు ఇద్దరు కూతుళ్లున్నారు. వాళ్లకంటే తన సంతానం ముందుండాలి. ఆ ఇద్దరూ తర్వాత సాక్సనీ, బవేరియా ఇళ్లకు కోడళ్లయ్యారు. 1740లో చార్లెస్ పోగానే మూడో అడుగులోని ప్రశ్నలు ఒక్కొక్కటిగా లేచాయి. శాసనం ప్రకారం భూములు మరియా థెరిసావి. చక్రవర్తి పదవి ఎన్నికది, ఆడవాళ్లకు అది లేదు. 1742లో అది బవేరియా ప్రభువుకు పోయింది. 1745లో అతను చనిపోయాక ఆమె భర్త, లొరేన్ ఫ్రాన్సిస్ ఎన్నికయ్యాడు. హంగరీలో ఆమె సొంత హక్కుతో 1741లో కిరీటం పెట్టుకుంది. ఆమెను చక్రవర్తిని అంటారు గానీ ఆ హోదా భర్త నుంచి వచ్చింది, పాలన మాత్రం ఆమెదే. ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ లాక్కున్న సైలీషియాలో చాలా భాగం ఆమెకు తిరిగి రాలేదు. ఆమె పిల్లల నుంచి వంశం పేరు హాబ్స్‌బర్గ్-లొరేన్. పదహారు మంది సంతానంలో పదిహేనోది మరీ ఆంత్వానెత్.

ఇది చేయగలిగితే వేరే వంశం తీసుకోండి. బ్రిటన్ మంచి మొదలు. 1714 నుంచి బ్రిటన్‌నూ జర్మనీలోని హానోవర్‌నూ ఒకే రాజు పాలించాడు. 1837లో విక్టోరియా రాణి కాగానే రెండూ విడిపోయాయి, హానోవర్ ఆమె బాబాయి ఎర్నెస్ట్ అగస్టస్‌కు వెళ్లింది. రెండు చోట్లా వారసత్వ నియమాలు ఏమిటో వెతికి, విక్టోరియా తాత మూడో జార్జ్ కొడుకుల వరసతో చార్టు గీయండి. ఆ విడిపోవడానికి కారణం ఆ కాగితం మీదే కనిపిస్తుంది.